మధురవాణి మనసు మారిన చోట

విజయనగరం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

గురజాడ నాటకం ‘కన్యాశుల్కం’ ముగిసిన తరువాత అందులోని సాని మధురవాణి పూనా వెళ్లి, అక్కడి వితంతు శరణాలయంలో ఉన్న బుచ్చమ్మను కలుసుకున్నట్లూ, ఆ స్నేహం క్రమంగా ప్రేమ అయినట్లూ నీవు రాసిన ఫ్యాన్ ఫిక్షన్, అంటే ఇష్టమైన రచనలోని పాత్రలతో అభిమానులు అల్లే కథ, చదివాను. వాళ్ల ప్రేమ నాకు సమ్మతమే. ఆ ప్రేమను నిలబెట్టడానికి మధురవాణి గతాన్నంతా అబద్ధమని కొట్టిపారేసినందుకు కోపం వచ్చింది.

ఆమె ఏనాడూ ఏ పురుషుణ్నీ ఇష్టపడలేదని రాసి, రుజువుగా ఆమె మగవేషాన్ని చూపించావు. 1909 నాటి మలికూర్పులో ఆమె ఆ వేషం వేసుకున్నది, సానుల మొహం చూడనన్న యాంటీ-నాచ్ పట్టుదల గల సౌజన్యారావు పంతులు ఇంట్లో అడుగుపెట్టడానికి. కరటకశాస్త్రి శిష్యుడు ఆడవేషంలో లుబ్ధావధాన్లకు పెళ్లికూతురైనదీ అటువంటి ఎత్తుగడే. కట్టిన బట్టను బట్టి మనసు ఎటు మొగ్గుతుందో తేల్చడం ఊళ్లో పదిమందీ చేసే పని, కథకులు చేయవలసినది కాదు. పైగా పంతులుగారిని కోరిన ముద్దును తానే వద్దని, ఆయన నియమాన్ని కాపాడినది ఆమె. ఆ ఇష్టం నిజం. బుచ్చమ్మ మీద తరువాత కలిగినదీ నిజమే.

1970లలో స్టార్ ట్రెక్ అనే అమెరికన్ టీవీ ధారావాహిక అభిమానులు అందులోని ఇద్దరు మగ నాయకులు కిర్క్, స్పాక్‌ల ప్రేమకథలు రాసి తమ చిన్న పత్రికల్లో అచ్చు వేసుకున్నారు. ఆ తోవలో వచ్చిన కథలు చాలావాటిలో, నాయకుడి ఇష్టం మారగానే వెనకటి ప్రేయసి రాక్షసి అవుతుంది, లేదా మాయమవుతుంది. స్త్రీనీ పురుషుణ్నీ కూడా ప్రేమించగలిగేవారు ఉన్నారన్న సంగతే మరుగున పడుతుంది.

కుర్రతనంలో నేను నెల్లిమర్ల జూట్‌మిల్లు పేటలో కాపురమున్న ఇద్దరు స్త్రీల కథ రాశాను. వారిలో ఒకామె భర్తను మనసారా ప్రేమించి, అతడు పోయాక స్నేహితురాలితో బతుకు పంచుకుంటుంది. ఒక వారపత్రిక సంపాదకుడు ‘స్నేహితురాలు’ అన్న చోటల్లా ఎర్రసిరాతో కొట్టి ‘పినతల్లి కూతురు’ అని దిద్దాడు. భర్తను తాగుబోతును చేస్తే పాఠకులు ఒప్పుకుంటారని అడుగున సలహా రాశాడు. నేను ఒప్పుకోలేదు, కథ అచ్చు కాలేదు. 2018లో సుప్రీంకోర్టు స్వలింగ సంబంధం నేరం కాదన్నాక సంపాదకులకు కొంత ధైర్యం వచ్చింది గాని, భర్త దుర్మార్గుడై తీరాలన్న పట్టు మాత్రం సడలలేదు. స్త్రీ స్త్రీని ప్రేమించడానికి మగవాడి పాపమే కారణం కావాలని వీళ్లకు ఎవరు చెప్పారు? నీ కథలో గిరీశం మధురవాణిని కొడుతుంటే నాకు ఆ ఎర్రసిరాయే కనిపించింది. గిరీశం కోతలరాయుడు, మోసగాడు. నాటకంలో ఆమె చేత చీవాట్లు తిన్నవాడు.

ఒక్కచోట నా కళ్లు చెమర్చాయి. మధురవాణి తన కంటె తీసి బుచ్చమ్మ మెడలో పెట్టబోతే, వెధవదానికి నగలేమిటని బుచ్చమ్మ ఆ చేతిని ఆపుతుంది, ఆపిన చేతిని వదలదు. మధురవాణికి అంతవరకూ తెలియనిది అక్కడ తెలిసింది. ఆ వెంటనే రెండు పేజీల ఉపన్యాసం పెట్టి, తన లైంగికతకు ఇప్పటి పేరొకటి ఆమె చేతనే పెట్టించావు. ఆ కాలపు విజయనగరం సాని నోట ఆ మాటలు పలకవు.

ఆ ఉపన్యాసం తీసెయ్యి. పంతులుగారిచ్చిన భగవద్గీతను ఆమె పెట్టెలో ఉండనీ. ఆయన సంగతి బుచ్చమ్మకు చెప్పనీ, బుచ్చమ్మను ఒక పూట మాట్లాడకుండా ఉండనీ. ఆ పూట ఎలా గడిచిందో రాసి మళ్లీ పంపు.