వెనక నుంచి ఆట మొదలుపెట్టే ముందు ఇది చదువు చిన్నా

చిన్నా,

ఫుట్‌బాల్ టీమ్ నీ చేతికి వచ్చిందని తెలిసి చాలా సంతోషంగా ఉంది. ఈ సీజన్ నుంచి గోల్ కీపర్ దగ్గర్నుంచే షార్ట్ పాస్‌లతో ఆడిస్తా అన్నావు కదా, వద్దు అనను, నాకూ ఆ ఆటంటే ప్రాణం. కాకపోతే ఎందుకు ఆడిస్తున్నావో ముందు నీకు స్పష్టంగా ఉండాలి. బాల్ మన దగ్గరే ఉంచుకోడానికైతే మాత్రం వద్దు. ఎదుటివాళ్ళని మన గోల్ వైపు రప్పించి, వాళ్ళు వదిలేసి వచ్చిన ఖాళీలోకి బాల్ పంపడం కోసం ఈ పనంతా. వాళ్ళ కీపర్ అక్కడే గోల్ దగ్గర ఉంటాడు, మన కీపర్ ఆటలో కలుస్తాడు, కాబట్టి మనవాడు ఒకడు ఎక్కడో అక్కడ ఫ్రీగా మిగులుతాడు, వాడెవడో కనిపెట్టడమే అసలు ఆట.

2022-23లో ఇంగ్లండ్ క్లబ్ బ్రైటన్, డి జెర్బీ కోచ్‌గా ఆడిన మ్యాచ్‌లు వెతికి చూడు. సెంటర్ బ్యాక్, అంటే గోల్ ముందు మధ్యలో ఉండే డిఫెండర్, బాల్ మీద కాలు పెట్టి అలా నిలబడిపోతాడు, ఎదుటివాడు మీదకి వచ్చేదాకా పాస్ ఇవ్వడు, వాడు ఒక్క అడుగు వేశాడో లేదో వాడి వెనక ఉన్న మిడ్‌ఫీల్డర్‌కి బాల్ వెళ్ళిపోతుంది. ఆ సీజన్ ప్రీమియర్ లీగ్‌లో ఆరో స్థానం. ఎదుటివాడు రాకపోతే మాత్రం మన సెంటర్ బ్యాక్‌లు ఒకరికొకరు పాస్‌లు ఇచ్చుకుంటూ కూర్చోకూడదు, బాల్‌తో ముందుకి నడిచి వాళ్ళని కదిలించాలి.

2019లో రూల్ మారాక గోల్ కిక్ (ఎదుటివాళ్ళు మన గోల్ లైన్ బయటికి కొట్టేస్తే మనం మళ్ళీ ఆట మొదలుపెట్టే కిక్) మన పెనాల్టీ బాక్స్ లోపలే అందుకోవచ్చు, కిక్ కొట్టేదాకా ఎదుటివాళ్ళు బయటే ఉండాలి. దాంతో ఊపిరి తీసుకునే టైమ్ దొరుకుతుంది, కానీ పోగొట్టుకున్నావంటే గోల్ ముందే పోగొట్టుకుంటావు, అది గుర్తుంచుకో. 2018 వరల్డ్ కప్‌లో క్రొయేషియా మీద అర్జెంటీనా కీపర్ కబయెరో బాల్‌ని కాస్త లేపి పంపబోతే అది నేరుగా రెబిచ్ దగ్గరికే పోయింది, గోల్, ఆ మ్యాచ్ 0-3. 2021 ఫిబ్రవరిలో మాంచెస్టర్ సిటీ మీద లివర్‌పూల్ కీపర్ అలిసన్ కూడా కాళ్ళతో తప్పు పాస్‌లు ఇచ్చి గోల్స్ సమర్పించుకున్నాడు, అంతటి కీపరే. కొంపనీ కోచ్‌గా ఉన్న బర్న్లీ ఇంగ్లండ్ రెండో డివిజన్‌లో 101 పాయింట్లతో గెలిచి పైకొచ్చింది, మరుసటి ఏడాదే దిగిపోయింది. ఆట పద్ధతి పెద్దగా మారలేదు, మీదకొచ్చే వాళ్ళ స్పీడ్ మారింది. అందుకే నీ లీగ్‌లో ప్రెస్, అంటే బాల్ లాక్కోడానికి మీదకి రావడం, ఎంత స్పీడ్‌గా ఉంటుందో చూసుకుని మొదలుపెట్టు.

ఇక ప్రాక్టీస్. ఫార్మేషన్ బొమ్మలు తర్వాత గీయొచ్చు, ముందు పాస్ నేర్పు. పాస్ అందుకునే మనవాడి ఏ కాలికి ఇస్తున్నావో అదే వాడికి ఎటు తిరగాలో చెప్తుంది, ఎదుటివాడికి దూరంగా ఉన్న కాలికి గట్టిగా ఇవ్వాలి, మెత్తటి పాస్ అంటే సగం గోల్ ఇచ్చేసినట్టే. మిడ్‌ఫీల్డర్ బాల్ వచ్చేలోపు రెండు భుజాల మీదుగా వెనక్కి చూసుకోవాలి, చూడని వాడికి నడి మైదానంలో బాల్ ఇవ్వొద్దని సెంటర్ బ్యాక్‌లకి గట్టిగా చెప్పు. గోల్ ముందు నుంచి అడ్డంగా పాస్ అస్సలు వద్దు. కీపర్ బ్యాక్ పాస్ కోసం పోస్టుల మధ్య నిలబడకుండా పక్కకి జరగాలి, మిస్ అయినా కార్నర్‌తో పోతుంది, గోల్ అవ్వదు. చిన్న జాగాలో కీపర్, నలుగురు డిఫెండర్లు ఒకవైపు, ప్రెస్ చేసేవాళ్ళు ముగ్గురు ఇంకోవైపు పెట్టి ఆడించు, అది కుదిరాక నాలుగోవాణ్ణి కలుపు.

లాంగ్ బాల్ అంటే ఓడిపోయినట్టు అనుకోకు, ఈ మాట నీ పిల్లలకి కూడా చెప్పు. వాళ్ళు మనిషికి మనిషిని పెట్టి మొత్తం పైకొచ్చేస్తే ముందు మన స్ట్రైకర్ దగ్గర ఒక్క డిఫెండరే మిగులుతాడు, అప్పుడు షార్ట్ పాస్ ఇవ్వడమే తెలివితక్కువ. గోల్ కిక్ నేరుగా అందుకుంటే ఆఫ్‌సైడ్ కూడా లేదు, చాలామంది మర్చిపోతారు. 2018 ఆగస్టులో హడర్స్‌ఫీల్డ్ మీద మాంచెస్టర్ సిటీ కీపర్ ఎడర్సన్ కొట్టిన లాంగ్ బాల్‌కే అగుయెరో గోల్ వేశాడు, అంత షార్ట్ పాస్‌లు ఆడే టీమే. గ్రౌండ్ ఎగుడుదిగుడుగా ఉన్నా, వాన పడి బాల్ ఆగిపోతున్నా పట్టుదలకి పోకు, ఆ రోజుకి పైకి కొట్టించు.

అన్నిటికన్నా నాకు ముఖ్యమైంది ఇది. గోల్ పడుతుంది, ఖచ్చితంగా పడుతుంది, ఆ క్షణంలో పిల్లలు నీ మొహం వైపే చూస్తారు. నువ్వు లైన్ దగ్గర నుంచి అరిచావంటే ఆ సెంటర్ బ్యాక్ ఇంక బాల్ అడగడు, దాక్కుంటాడు. అలా ఆడమన్నది నువ్వే కాబట్టి ఆ గోల్ నీ ఖాతాలో వేసుకో, అది వాళ్ళకి మ్యాచ్ ముందే చెప్పు. బాల్ అడగకుండా దాక్కున్నందుకు అడుగు, అడిగి పోగొట్టుకున్నందుకు మాత్రం ఏమీ అనకు.

మొదటి మ్యాచ్ అయ్యాక వాళ్ళు ఎంతమందితో ప్రెస్ చేశారు, మనవాడు ఎవడు ఫ్రీగా మిగిలాడు, వాడికి బాల్ ఎందుకు చేరలేదు, ఈ మూడూ రాసి పంపు, ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఉంటాను,
మీ పెదనాన్న