కొత్త మ్యాక్ మినీ వస్తుందంటున్నారు, ఆగాలా కొనేయాలా? – సమాధానం

ఎం1 చిప్, 8 జీబీ ర్యామ్ ఉన్న మీ మ్యాక్ మినీలో (ఆపిల్ చిన్న డెస్క్‌టాప్ కంప్యూటర్) వీడియో ఎడిటింగ్ ఆగి ఆగి నడుస్తోందని, కొత్తది వచ్చేదాకా ఆగాలా అని అడిగారు. దానికి కారణం చాలావరకు ఆ 8 జీబీ ర్యామే (నడుస్తున్న పనులకు వాడే మెమరీ) అయ్యుండొచ్చు. రూమర్లు నమ్మి ఎదురుచూసే ముందు ఇది చూడండి.

1. ఎడిటింగ్ నడుస్తుండగానే యాక్టివిటీ మానిటర్ (ఏ పని ఎంత మెమరీ వాడుతోందో చూపే మ్యాక్ యాప్) తెరిచి, మెమరీ ట్యాబ్ నొక్కండి.

2. చాలామంది "మెమరీ యూజ్డ్" అంకె చూసి టెన్షన్ పడతారు. దాన్ని వదిలేయండి. అడుగున ఉండే మెమరీ ప్రెషర్ గ్రాఫే అసలు సంగతి చెబుతుంది. ఎడిటింగ్ మధ్యలో కూడా పచ్చగానే ఉంటే ర్యామ్ చాలుతోంది, కొత్త చిప్‌తో వచ్చే మినీ కోసం నిశ్చింతగా ఆగొచ్చు. మాటిమాటికీ పసుపు, ఎరుపు వస్తుంటే మాత్రం పని పాడుచేసుకుని ఆగకండి, ఇప్పుడే కొనేయండి.

3. 2024 అక్టోబరులో ప్రకటించిన ఎం4 మినీ 16 జీబీతో మొదలవుతుంది. కొన్నాక ర్యామ్ పెంచుకోలేం. 4కే ఎడిటింగ్ అయితే 24 జీబీ తీసుకోండి.