భర్త సంతకం ఎందుకు అడిగారు?

గత సంచికలో అబార్షన్ గురించి ఒక చిన్న జవాబు రాశాను. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం దాని గురించే. అన్నీ వేయడం కుదరదు. పేర్లు, ఊళ్లు తీసేసి ఆరు ఉత్తరాలకు మాత్రం ఇక్కడ జవాబిస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, నాకు 29 ఏళ్లు. ఇద్దరు పిల్లలు, చిన్నదానికి ఇంకా పదో నెల. మళ్లీ నెల తప్పింది, స్కానింగ్‌లో ఎనిమిదో వారం అన్నారు. ఇప్పుడు ఇంకో బిడ్డను మోసే ఓపిక నాకు లేదు. హాస్పిటల్‌కి వెళ్తే భర్త సంతకం లేకుండా చెయ్యం అన్నారు. ఆయన పరాయి దేశంలో ఉన్నారు, ఫోన్ చేస్తే "అమ్మ ఎలా చెబితే అలా" అంటున్నారు. అత్తయ్య పాపం అంటున్నారు. నేను తప్పు చేస్తున్నానా?

జవాబు: తప్పు చేయట్లేదమ్మా. ముందు ఈ మాట మనసులో పెట్టుకుని మిగతాది చదవండి.

మన దేశంలో గర్భస్రావానికి ఉన్న చట్టం 1971లో వచ్చింది, దాన్నే ఎంటీపీ చట్టం అంటారు. 18 నిండిన ఆడమనిషి విషయంలో ఆ చట్టం అడిగేది ఒక్కరి అంగీకారం, ఆమెది. భర్త సంతకం అనే మాటే అందులో లేదు, అత్తగారి సంతకం సంగతి సరేసరి. 18 నిండని అమ్మాయికి, మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లకి మాత్రం సంరక్షకుల అనుమతి కావాలి. మరి హాస్పిటల్ వాళ్లు ఎందుకు అడిగారంటే, రేపు ఇంట్లోవాళ్లు వచ్చి గొడవ చేస్తే తమ చేతిలో ఒక కాగితం ఉండాలని. వాళ్ల జాగ్రత్త కోసం మీకు రోజులు గడిచిపోతున్నాయి, నాకు కోపం వచ్చేది అక్కడే, ఎందుకంటే మాత్రలతో చేసే పద్ధతి మన దగ్గర తొమ్మిది వారాల లోపే, అది దాటితే ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్లాల్సి వస్తుంది.

కాబట్టి ఈ వారమే ఇంకో హాస్పిటల్‌కి వెళ్లండి, అనుమతి ఉన్న ప్రభుత్వ ఆస్పత్రి అయినా సరే. 20 వారాల లోపు ఒక్క డాక్టర్ అభిప్రాయం చాలు. అంగీకారానికి 'ఫారం సి' అని ఒకటి ఉంటుంది, దాని మీద సంతకం మీది. భర్త సంతకం మళ్లీ అడిగితే "అలాగని చట్టంలో ఎక్కడుందో చూపించండి" అని మర్యాదగానే అడగండి. గట్టిగా మాట్లాడే చెల్లెలో స్నేహితురాలో ఉంటే వెంట తీసుకెళ్లండి.

పాపం అన్న మాటకొస్తే, అబార్షన్ చేయించుకునేవాళ్లంటే పిల్లలంటే ఇష్టం లేనివాళ్లని చాలామంది ఊహ. అమెరికాలో లెక్కలు చూస్తే, చేయించుకునే పదిమందిలో ఆరుగురు అప్పటికే తల్లులు. బిడ్డను పెంచడమంటే ఏమిటో బాగా తెలిసినవాళ్లు. మీరూ ఒళ్లో ఉన్న పదినెలల పిల్లను చూసుకునే ఈ నిర్ణయానికి వచ్చి ఉంటారు.

ప్రశ్న: నా భార్య నాకు చెప్పకుండా అబార్షన్ చేయించుకుంది. రెండు నెలల తర్వాత తెలిసింది. బిడ్డ ఇద్దరిదీ అయినప్పుడు నిర్ణయం ఒక్కరిదే ఎలా అవుతుంది? నాకు ఏ హక్కూ లేదా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను తమ్ముడూ. మీరు బాధపడుతున్నారు, అది నిజమైన బాధ. దాన్ని తేలిక చేయను. కానీ ఆమె మోయక తప్పదని చెప్పే హక్కు మాత్రం మీకు లేదు.

పుట్టాక బిడ్డ ఇద్దరిదీ, అందులో సందేహం లేదు. పుట్టేదాకా జరిగేదంతా ఒక్క ఒంట్లోనే. వాంతులు, రక్తం తగ్గిపోవడం, బీపీ, కాళ్ల వాపులు, కోత, కుట్లు, కొన్నిసార్లు ప్రాణం మీదికి రావడం కూడా. ఇద్దరి మాటా ఒకటైతే పేచీ లేదు. ఒకరు కావాలని, ఒకరు వద్దని అంటే మాత్రం సగం సగం పంచుకునే దారి ఉండదు కదా, ఎవరో ఒకరి మాటే చెల్లాలి. మీ మాట చెల్లితే మీకు ఇష్టమైన పని ఆమె ఒంటితో చేయించినట్టవుతుంది. ఆమె మాట చెల్లితే మీకు బాధ మిగులుతుంది. రెండూ కష్టమే కానీ రెండూ ఒకే బరువు కావు.

చట్టం సంగతి కూడా అడిగారు. ఇలాగే ఒక భర్త, తన అనుమతి లేకుండా చేశారని భార్య మీదా డాక్టర్ల మీదా నష్టపరిహారం కోసం కోర్టుకెక్కారు. గర్భం ఉంచుకోవాలా వద్దా అన్నది ఆమె ఇష్టమని 2011లో పంజాబ్-హర్యానా హైకోర్టు చెప్పింది, 2017లో సుప్రీంకోర్టు ఆయన అప్పీలును కొట్టేసింది. అంతకు ముందే, 2009లో, పిల్లల్ని కనాలా వద్దా అన్న ఎంపిక రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు స్పష్టంగా రాసింది.

ఇంతకీ మీరు నన్ను అడగని ప్రశ్న ఒకటుంది. ఆమె మీకు ఎందుకు చెప్పలేకపోయింది? చెబితే ఒప్పుకోరనా, అరుస్తారనా, మీ అమ్మగారికి తెలిసిపోతుందనా? ఇంత పెద్ద విషయాన్ని ఒక్కతే హాస్పిటల్‌కి వెళ్లి, ఒక్కతే నొప్పి భరించి, రెండు నెలలు మామూలుగా ఉన్నట్టు మీ ముందు తిరిగిందంటే ఆమెకు ఎంత భయం ఉండాలి. "ఎందుకు చేశావు" అని అడిగితే ఆమె మళ్లీ మూసుకుపోతుంది. "నాకు చెప్పడానికి ఎందుకు భయపడ్డావు" అని అడగండి, జవాబు పూర్తయ్యేదాకా మధ్యలో మాట్లాడకండి. విన్నాక మళ్లీ రాయండి, నేను ఇక్కడే ఉంటాను.

ప్రశ్న: అక్కా, నాకు 21. పెళ్లి కాలేదు. ఆరో వారం అనుకుంటున్నా. డాక్టర్ దగ్గరికి వెళ్తే ఇంట్లో చెప్పేస్తారని భయం, అందుకే ఫ్రెండ్ మెడికల్ షాప్ నుంచి మాత్రలు తెస్తానంది. వేసుకోవచ్చా?

జవాబు: టెన్షన్ పడకు, నీకు టైముంది. కానీ మాత్రలు అలా వేసుకోవద్దు. మందు చెడ్డదని కాదు. మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్ అనే ఈ రెండు మందుల్నీ ప్రపంచ ఆరోగ్య సంస్థే అవసరమైన మందుల జాబితాలో పెట్టింది. వేసుకునే ముందు ఎన్ని వారాలో, గర్భం గర్భసంచిలోనే ఉందో ట్యూబులో ఉందో తెలియాలి. ట్యూబులో ఉంటే ఈ మాత్రలు పనిచేయవు, ఆ సంగతి తెలియకపోతే ప్రాణానికే ప్రమాదం. పైగా షాపువాడు ఇచ్చినవి సరైనవో కాదో, ఎప్పుడెప్పుడు వేసుకోవాలో నీకు ఎవరు చెబుతారు?

డాక్టర్ ఇంట్లో చెప్పడానికి వీల్లేదు. నీ వివరాలు చట్టం అనుమతించిన వాళ్లకు తప్ప ఇంకెవరికైనా బయటపెడితే ఏడాది వరకు జైలు అని ఎంటీపీ చట్టానికి 2021లో చేసిన సవరణలో ఉంది. పెళ్లి కాలేదని వెనక్కి పంపడానికీ లేదు. అదే సవరణలో "పెళ్లయిన స్త్రీ, ఆమె భర్త" అన్న చోట "ఏ స్త్రీ అయినా, ఆమె భాగస్వామి" అని మార్చారు, 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు పెళ్లికాని వాళ్లకూ 24 వారాల దాకా అదే హక్కు వర్తిస్తుందని తీర్పిచ్చింది. ఆధార్‌లో నీ వయసు ఉంటుంది, అది చాలు. మందు వేసుకున్నాక గంటకు రెండు ప్యాడ్లు చొప్పున వరుసగా రెండు గంటలు తడిసినా, తగ్గని జ్వరం వచ్చినా ఆలోచించకుండా హాస్పిటల్‌కి వెళ్లిపో. ఆ ఫ్రెండ్‌ని షాపుకి కాకుండా నీతో డాక్టర్ దగ్గరికి రమ్మను.

ప్రశ్న: మీలాంటి వాళ్లు ఇలా రాస్తుంటే ఉన్న భయం కూడా పోతుంది. అసలే ఆడపిల్లల్ని కడుపులోనే చంపుతున్న దేశం. కడుపులో ఉన్నది ప్రాణం కాదా? చట్టం ఇంకా గట్టిగా ఉండాలి.

జవాబు: కోపంగా రాశారు కానీ అడిగినవి అడగాల్సిన ప్రశ్నలే.

భయం పెడితే ఆగుతాయా? రొమేనియాలో 1966లో చౌషెస్కు ప్రభుత్వం దాదాపు పూర్తిగా నిషేధించింది. మొదట్లో జననాలు బాగా పెరిగాయి, తర్వాత కొన్నేళ్లలోనే మళ్లీ దిగిపోయాయి, ఎందుకంటే ఆడవాళ్లు దొంగచాటు దారులు వెతుక్కున్నారు. 1989లో ఆ ప్రభుత్వం కూలేలోపు సుమారు పదివేల మంది ఆడవాళ్లు అలా చనిపోయారని అంచనా. నిషేధం ఎత్తేసిన మరుసటి ఏడాదే ప్రసూతి మరణాల రేటు దాదాపు సగానికి పడిపోయింది. మన దేశంలో 1964లో శాంతిలాల్ షా కమిటీని వేసిందీ ఇలాంటి చావులు చూడలేకే, దాని సిఫార్సుల మీదే 1971 చట్టం వచ్చింది.

ఆడపిల్లల గురించి మీ ఆవేదన నాదీ. లింగ నిర్ధారణ నేరం, దానికి 1994 నుంచి వేరే చట్టమే ఉంది, అది గట్టిగా అమలు కావాలని నేనూ కోరుకుంటాను. అయితే ఒకటి గమనించండి. ఆడపిల్ల అని తెలియగానే కోడలి చేత కడుపు తీయించే ఇల్లూ, ఆమెకు వద్దన్నా మోయాల్సిందేననే ఇల్లూ ఒకే తప్పు చేస్తున్నాయి. రెండు చోట్లా ఆమెను అడిగినవాళ్లు లేరు.

ప్రాణం కాదా అంటే, ప్రాణమే కాదని నేను వాదించను. ఒక ప్రాణం కోసమైనా ఇంకొకరి శరీరాన్ని వాళ్ల ఇష్టం లేకుండా వాడుకోవచ్చా అన్నదే నా ప్రశ్న. కన్నబిడ్డకు కిడ్నీ కావాలన్నా తండ్రి నుంచి బలవంతంగా తీసుకోమని ఏ చట్టమూ చెప్పదు. ఇస్తే దండం పెడతాం, ఇవ్వకపోతే జైల్లో పెట్టం. గర్భిణికి మాత్రం వేరే లెక్క ఎందుకు? ఐర్లండ్‌లో మన కర్ణాటక అమ్మాయి సవిత హలప్పనవర్, 17వ వారంలో గర్భం నిలవదని డాక్టర్లకు తెలిసి కూడా, పిండం గుండె కొట్టుకుంటోందని అబార్షన్ చేయకపోతే ఇన్ఫెక్షన్ ముదిరి 2012 అక్టోబర్ 28న చనిపోయింది. ఆమెకు 31 ఏళ్లు. ఆ దేశ ప్రజలే 2018లో ఓటు వేసి ఆ నిషేధాన్ని రాజ్యాంగంలోంచి తీసేశారు, 66 శాతం మంది.

ఇక మన చట్టం వదులుగా ఉందనుకుంటున్నారు. లేదండీ. ఇప్పటికీ అది ఆమెకు నేరుగా హక్కు ఇవ్వలేదు, డాక్టర్ సరేనంటేనే శిక్ష లేదని మాత్రమే చెబుతోంది. 2023 అక్టోబర్‌లో ఇద్దరు పిల్లల తల్లి, కాన్పు తర్వాత వచ్చిన మానసిక జబ్బుకు మందులు వాడుతున్న మనిషి, పాలిచ్చే రోజుల్లో నెలసరి రాక గర్భం సంగతి ఆలస్యంగా తెలిసి, 26వ వారంలో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మొదట సరేనన్న కోర్టే వారం తిరిగేసరికి వద్దంది. తన ఒంటి గురించి, తన మనసు గురించి ఆమె అన్ని వాయిదాల్లో అంతమంది ముందు చెప్పుకోవాల్సి వచ్చింది. ఇంతకన్నా గట్టిగా ఉండాలంటారా?

ప్రశ్న: అబార్షన్ చేయించుకుంటే మళ్లీ పిల్లలు పుట్టరా?

జవాబు: పుడతారు. సురక్షితంగా, సరైన చోట చేయించుకుంటే తర్వాత గర్భం రావడానికి అడ్డేమీ ఉండదు. మొరటు పద్ధతుల్లో చేసి ఇన్ఫెక్షన్ వస్తే మాత్రం సమస్యే. రెండు వారాల్లోనే మళ్లీ గర్భం రావచ్చు కాబట్టి వద్దనుకుంటే గర్భనిరోధకం గురించి ఆ రోజే డాక్టర్‌ని అడగండి.

ప్రశ్న: మూడేళ్ల కింద మా అమ్మాయి అబార్షన్ చేయించుకుందని ఈమధ్యే తెలిసింది. నాకు చెప్పలేదు. లోపల కుమిలిపోతోందేమోనని దిగులు. ఎలా మాట్లాడాలి?

జవాబు: కుమిలిపోతోందని ముందే అనుకోకండమ్మా. అమెరికాలో కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు దాదాపు వెయ్యిమందిని ఐదేళ్లపాటు పలకరిస్తూ వచ్చారు, చేయించుకున్నవాళ్లలో 95 శాతానికి పైగా అది తమకు సరైన నిర్ణయమేనని చెప్పారు. మీ అమ్మాయి కూడా ఎప్పుడో తేలికపడి ఉండొచ్చు, బాధ ఉన్నా ఉండొచ్చు. ఏదైనా అది తన నోటితో రావాలి. మీకు తెలిసిన సంగతి దాచకండి, "నాకు తెలిసిందే, నువ్వేం చేసినా ఆలోచించే చేసి ఉంటావు" అని ఒక్కసారి చెప్పి ఊరుకోండి. ఎవరు, ఎప్పుడు, ఎందుకు అని అడగొద్దు. ఆమె ఆ రోజు ఏమీ మాట్లాడకపోయినా ఫరవాలేదు, మర్నాడు మామూలుగా ఫోన్ చేయండి.