బటన్ నొక్కితే స్టార్టవని బండి

బాబూ,

ఇక్కడ ఇంగ్లండులో, యార్క్‌షైర్ కొండల్లో బైకు మీద తిరిగొచ్చి నువ్వు రాసిన వ్యాసం నా దగ్గరికి వచ్చి మూడు వారాలైంది. 'గాలితో నేను' అన్న పేరు చూసి పక్కన పెట్టేశాను, దాచుకోవడమెందుకు. గాలితో, వానతో, రోడ్డుతో, తనతో తాను మాట్లాడుకునే బైకు వ్యాసాలు ఈమధ్య వారానికొకటి వస్తున్నాయి నాకు. నిన్న రాత్రి నిద్ర పట్టక తీసి చదివాను. రెండో పేరాలోనే ఆగిపోయాను. "బటన్ నొక్కగానే 1967 బానవిల్ సింహంలా గర్జించింది" అని రాశావు.

ఏ బటన్ నాయనా?

1967లో ట్రయంఫ్ కంపెనీ చేసిన బానవిల్ బండికి సెల్ఫ్ స్టార్ట్ లేదు, కిక్కు కొట్టాల్సిందే. ఇంకో పేజీలో ఎడమకాలితో గేరు మార్చి, గొర్రె అడ్డమొస్తే కుడికాలితో బ్రేకు తొక్కావు. ఆ బండికి గేరు కుడికాలి దగ్గర, బ్రేకు ఎడమకాలి దగ్గర ఉంటాయి. నువ్వు చెప్పినట్టు తొక్కితే బండి ఆగదు, గేరు మారుతుంది, ఆ గొర్రె నీ ఒళ్లో ఉంటుంది. అంటే నువ్వు నడిపింది అదే పేరుతో 2001లో మళ్లీ వచ్చిన కొత్త బానవిల్ అయ్యుండాలి, లేదా నీ ఫ్రెండు పాత బండి నడుపుతుంటే వెనక కూర్చుని ఉండాలి. రెండిట్లో ఏదైనా నాకు అభ్యంతరం లేదు. వెనక కూర్చున్నవాడికి కూడా రాయడానికి బోలెడుంటుంది. ఎన్నడూ కూర్చోని సీట్లో కూర్చున్నట్టు రాశావే, అదీ నా బాధ.

మా షెడ్డులో ఉన్నది బీఎస్ఏ కంపెనీ ఏ10 బండి, 1961ది, బర్మింగ్‌హామ్ స్మాల్ హీత్ ఫ్యాక్టరీలో పుట్టింది. దానికి తాళంచెవి లేదు. మ్యాగ్నెటో బండి కదా, బ్యాటరీ చచ్చినా ప్లగ్గుకి కావలసిన నిప్పు అదే పుట్టించుకుంటుంది. పొద్దున్నే వెళ్లి ముందు పెట్రోల్ ట్యాప్ తిప్పుతాను. కార్బురేటర్ మీద చిన్న పిన్ను ఉంటుంది. దాన్ని వేలితో నొక్కి పట్టుకుంటే లోపలి ఫ్లోట్ మునిగి పెట్రోలు పొంగి వేలు తడుస్తుంది. ఫిబ్రవరిలో అయితే ఆ చల్లదనం గోరు కింద సూదిలా దిగుతుంది. తర్వాత కిక్కు రాడ్డుని మెల్లగా తొక్కుతూ పోతే ఒకచోట గోడలా అడ్డుపడుతుంది, ఇంజన్ లోపల నొక్కుకుపోయిన గాలి అది, అదీ కంప్రెషన్. దాన్ని ఓ వెంట్రుకవాసి దాటించి, రాడ్డు మళ్లీ పైకి రానిచ్చి, అప్పుడు ఒంటి బరువంతా వేసి కొట్టాలి. భయపడుతూ కొడితే అది తిరిగి కొడుతుంది. 1994లో ఒకసారి కొట్టింది. ఇప్పటికీ చలి ముదిరితే నాకంటే ముందు నా కుడి మడమకే తెలుస్తుంది.

ఇదంతా రాస్తే పాఠకుడు పారిపోతాడంటావు. నాకూ అలాగే చెప్పారు. ఆ కథ చెప్పాలి నీకు, అడక్కపోయినా.

1993 జూన్‌లో హాజ్ ఊరి నుంచి బటర్‌టబ్స్ కనుమ మీదుగా స్వేల్‌డేల్ లోయ వైపు వెళ్తున్నాను. ఆ కనుమ పైన రోడ్డు పక్కనే సున్నపురాయిలో నిలువునా దిగిన లోతైన గుంతలుంటాయి. హాజ్ సంతకి వెన్న మోసుకెళ్లే రైతులు దారిలో అలసటకి ఆగినప్పుడు వెన్న కరక్కుండా వాటిల్లోకి దించేవారని, అందుకే ఆ పేరని అక్కడివాళ్లు చెబుతారు. చూద్దామని బండి ఆపాను. అదే నేను చేసిన తప్పు. ఇంజన్ బాగా కాగి ఉంది, మ్యాగ్నెటో లోపల కండెన్సర్ పాతది, వేడెక్కితే నిప్పు రాదు. ఇరవై సార్లు కొట్టాను, ముప్పై సార్లు కొట్టాను, చొక్కా విప్పి కొట్టాను. ఆఖరికి గడ్డిలో కూలబడ్డాను. అప్పుడు వినపడింది, చల్లారుతున్న ఇనుము టిక్కు... టిక్కుమని. మొదట గబగబా, తర్వాత తీరిగ్గా. ఎక్కడో కర్ల్యూ పక్షి కూస్తోంది. నల్లమొహం గొర్రె ఒకటి వచ్చి నా హెల్మెట్ వాసన చూసింది. నలభై నిమిషాల తర్వాత, టిక్కులు పూర్తిగా ఆగిపోయాక, ఒక్క కిక్కుకి స్టార్టయింది.

ఇంటికొచ్చి పద్దెనిమిది పేజీలు రాసి ఇండియాలో ఒక వారపత్రికకి పంపాను. ఐదు నెలలకి ఎడిటర్ గారి కార్డు వచ్చింది. "బండి చెడిన ఘట్టం విసుగ్గా ఉంది, తీసివేసి, వెనక సీటులో ఒక తెల్ల అమ్మాయిని పెట్టగలరేమో చూడండి" అని. నేను పెట్టలేదు. ఆయన వేశారు, వేయకపోలేదు. కానీ గొర్రె లేదు, టిక్కుల్లేవు, నలభై నిమిషాలు "కొంతసేపటికి" అయిపోయాయి, బండి అని నేను రాసిన ప్రతిచోటా "ద్విచక్ర వాహనం" కూర్చుంది. మా అమ్మ చదివి, "ఒరే, పోలీసు రిపోర్టు రాసినట్టు రాశావేంట్రా" అంది. ఆ కార్డు ఇప్పటికీ షెడ్డులో మేకుకి గుచ్చి ఉంది. ఇప్పుడు కార్డులు లేవు, లైకులున్నాయి. అవీ అమ్మాయినే అడుగుతున్నాయి, లేకపోతే 'ప్రయాణమే గమ్యం' లాంటి ముక్కొకటి.

ఇంకో సంగతి. స్కిప్టన్ నుంచి సెటిల్, అక్కణ్నుంచి రిబుల్‌హెడ్ మీదుగా హాజ్‌కి వెళ్లావు, బాగుంది. రిబుల్‌హెడ్ దగ్గర ఇరవై నాలుగు కమాన్ల రైలు వంతెన ఆ బయల్లో అడ్డంగా నిలబడి ఉంటే, దాని కింద నిలబడి నువ్వు గోదావరి మీద హేవ్‌లాక్ వంతెనని తలుచుకున్నావు. రాతిగోడలు చూసి పొలంగట్లని, హాథార్న్ పూలు చూసి మల్లెల్ని, టీ కొట్టులో ముసలావిణ్ని చూసి మీ నాయనమ్మని. పదకొండు పేజీల్లో తొమ్మిదిసార్లు లెక్కపెట్టాను. ఇంటి మీద బెంగ ఉంటుంది, నాకూ ఉండేది, దాంట్లో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కానీ అలా ప్రతిదాన్నీ కోనసీమ చేసేస్తే యార్క్‌షైర్ దాకా పెట్రోలు తగలేయడం దేనికి?

ఆ గోడల మధ్య పాత బండి మీద ఏం జరుగుతుందో గమనించావా? సైలెన్సర్ చప్పుడు రాళ్లకి కొట్టుకుని పక్కనుంచి నీ చెవిలోకే తిరిగొస్తుంది. గోడలో గేటు వచ్చిన చోట ఆ చప్పుడు ఠక్కున మాయమై, గేటు దాటగానే మళ్లీ వస్తుంది. కళ్లు మూసుకున్నా, మూసుకోవద్దులే, ఎన్ని గేట్లు దాటామో చెప్పొచ్చు. ఆ డ్రమ్ము బ్రేకులు పట్టాలా వద్దా అని ఆలోచించుకుని పడతాయి, కాబట్టి మలుపుకి వంద గజాల ముందే మలుపు గురించి ఆలోచిస్తాం. ట్రాక్టర్ చక్రాల మట్టి, గొడ్లు దాటకుండా రోడ్డుకి అడ్డంగా వేసిన ఇనప కడ్డీల క్యాటిల్ గ్రిడ్డు తడిసి ఉండటం, గోడ మీద నుంచి కనపడే గొర్రె వీపు, అన్నీ ముందే కంటపడతాయి. నా బండి బలం మొత్తం 35 హార్స్ పవర్. 45, 50 మైళ్ల స్పీడులో దానికి ప్రాణం సుఖంగా ఉంటుంది, నాకూ. నువ్వు "గాలిని చీల్చుకుంటూ" అన్నావు, ఈ బండ్లు గాలిని బతిమాలుకుంటూ వెళ్తాయి.

మన ఊరిని తేకూడదని కాదు. తేవాలంటే నిజంగా ఉన్న దారిలో తీసుకురా. ఇంగ్లండులో రెడ్డిచ్ ఊళ్లో పుట్టిన బుల్లెట్టు 1955లో మద్రాసు చేరింది. పుట్టింటివాళ్లు ఫ్యాక్టరీ మూసుకున్నా మద్రాసులో మాత్రం ఆగలేదు. మా ఊళ్లో ఎస్సై గారి బుల్లెట్టుకీ గేరు కుడివైపే ఉండేది. ఆయన కిక్కు కొట్టేముందు ట్యాంకు అవతల, కరెంటు చూపించే అమ్మీటర్ ముల్లు వైపు ఒంగి చూసేవాడు, దేవుడికి దణ్ణం పెడుతున్నాడేమో అనుకునేవాణ్ని. పాతికేళ్ల తర్వాత ఇక్కడొక గొడ్ల రైతు సరిగ్గా అలాగే ఒంగడం చూశాను. అలాంటిది దొరికితే రాయి, కాదనను.

నీ వ్యాసంలో ఒక వాక్యం ఉంది. హాజ్‌లో దిగాక టీ కప్పు పట్టుకుంటే చెయ్యింకా వణుకుతోందని, సాసర్ చప్పుడు చేస్తుంటే పక్క టేబుల్ వాళ్లు చూశారని. ఆ ఒక్క వాక్యం కోసమే ఇంత ఉత్తరం. ఆ బండ్లలో రెండు పిస్టన్లూ ఒకేసారి పైకెళ్లి ఒకేసారి కిందికొస్తాయి, ఆ అదురే నీ చేతిలో మిగిలింది. దిగి పావుగంటైనా పోదు. అంటే పాత బండి మీద కూర్చున్నావన్నమాట, వెనక సీటైనా సరే! మరి ఆ బటన్ ఎక్కణ్నుంచి వచ్చిందయ్యా?

ఏ పత్రికకి పంపాలి, పుస్తకం వేస్తే ఎంతవుతుంది, ముందుమాట రాస్తారా అని కూడా అడిగావు. ముందు ఆ మొదటి నాలుగు పేజీలు చింపెయ్. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి షెడ్డు దగ్గర ఉంటాను. గట్టి సోలు ఉన్న బూట్లు వేసుకురా, స్నీకర్లు వద్దు.

అన్నట్టు, మీ ఫ్రెండుకి చెప్పు, పది శాతం దాకా ఇథనాల్ కలిపిన ఈ-10 పెట్రోలు పోయించొద్దని. ఇథనాల్‌కి పాత రబ్బర్లు, పైపులు మెత్తబడిపోతాయి. నాలుగు డబ్బులెక్కువైనా సూపర్ పెట్రోలు కొట్టించమను. రాత్రి బండి పెట్టేటప్పుడు ట్యాప్ కట్టేయమను.