రివరీనాలో రైతులెవరు?

ప్రశ్న: ఆస్ట్రేలియా పల్లెల్లో వేల ఎకరాలున్న తెల్ల దొరలే సేద్యం చేస్తారని విన్నాం. మీరుండే గ్రిఫిత్ వైపు కూడా అంతేనా? కూలికి ఎవరొస్తారు? – ఒక రైతు, తెనాలి

జవాబు: దొరల మాట పక్కన పెట్టండి. నేనిక్కడ రైతు కుటుంబాల పన్ను లెక్కలు రాసే ఆఫీసులో పనిచేస్తాను. నా బల్ల మీదికొచ్చే ఫైళ్లపై ఇంటిపేర్లు చదువుకుంటూ పోతే చాలు, ఈ నేలకి ఎవరు ఏ వరసలో వచ్చారో తెలిసిపోతుంది. ద్రాక్ష, నారింజ తోటల ఫైళ్ల మీద ఎక్కువగా ఇటలీ పేర్లు. వాటి మధ్య ఏటేటా పెరుగుతున్న సింగులూ గిల్లులూ.

గ్రిఫిత్ ఉన్న ఈ రివరీనా ప్రాంతం న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో, సిడ్నీకి దాదాపు 570 కిలోమీటర్ల దూరంలో ఉన్న మెట్ట. ఏడాది మొత్తానికి 400 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. అందుకే ఒకప్పుడు గొర్రెలు తప్ప మరో ఆదాయం ఉండేది కాదు. 1912లో మరంబిడ్జీ నది నీళ్లు కాలువల్లోకి వదిలాక కథ మారింది. 1916లో గ్రిఫిత్ వెలిసింది. రాజధాని కాన్‌బెర్రాకి నక్షా గీసిన వాల్టర్ బర్లీ గ్రిఫినే దీనికీ గీశాడు. గుండ్రటి వీధుల్లో కొత్తవాళ్లు ఇప్పటికీ దారి తప్పుతారు, అది వేరే సంగతి.

మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకి ప్రభుత్వం ఇక్కడ తోట భూములిచ్చింది. వాళ్లలో చాలామందికి సేద్యం కొత్త, అప్పులు పెరిగాయి, వదిలేసి వెళ్లారు. ఆ భూములు ఇటలీ వాళ్ల చేతికొచ్చాయి. కొందరు బ్రోకెన్ హిల్ గనుల్లో పనిచేసి వచ్చినవాళ్లు, కొందరు వెనెటో, కలాబ్రియా ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లు. మొదట ఒకరి తోటలో కూలి, తర్వాత అన్నదమ్ములు డబ్బు కూడేసి ఒక తోట. విట్టోరియో డి బొర్టోలీ 1924లో వచ్చి, 1928లో పక్కనున్న బిల్బుల్‌లో అమ్ముడుపోని ద్రాక్షతో వైన్ తీయడం మొదలుపెట్టాడు. ఇవాళ ఆ పేరు దేశమంతా తెలుసు.

వీళ్లందరికంటే ముందు ఈ నేల విరాజురీ అనే ఆదివాసీ ప్రజలది. డార్లింగ్టన్ పాయింట్ దగ్గర వాళ్ల కోసం వారంగెస్డా అనే క్రైస్తవ మిషన్ 1880లో పెట్టారు, 1924లో మూసేశారు. అక్కడి కుటుంబాలు కొన్ని గ్రిఫిత్ అంచుల్లో స్థిరపడి పండ్లు కోసి బతికాయి. భూమి పంపకాల కాగితాల్లో మాత్రం వీళ్ల పేర్లు కనబడవు. ఈ ఊరి చరిత్ర చెప్పేవాళ్లు ఇటలీ దగ్గరే మొదలుపెడితే నాకు చిరాకు.

ఇప్పుడు ఇటలీ తాతల మనవలు సిడ్నీలో లాయర్లో మెల్‌బోర్న్‌లో ఇంజనీర్లో. తోట అమ్మకానికి పెడితే కొనేవాడు తరచూ పంజాబీ, అదీ ఒకప్పుడు అదే తోటలో పండ్లు కోసినవాడు. ఇక్కడ గురుద్వారా ఉంది. జూన్‌లో సిక్కు క్రీడలు జరిగినప్పుడు కబడ్డీ చూడటానికి దేశం నలుమూలల నుంచీ జనం దిగుతారు. ఇప్పుడు కాయ కోసేది వనువాటు, ఫిజీ, టోంగా లాంటి పసిఫిక్ దీవులవాళ్లు, తిమోర్ వాళ్లు, వీపున సంచి తగిలించుకుని తిరిగే యూరప్ కుర్రాళ్లు.

మీది వరి ప్రాంతం కాబట్టి ఒక మాట. ఇక్కడ ఊడ్పుల్లేవు. నీళ్లు నింపిన మళ్లలో విమానం మీంచి గింజ చల్లడమూ ఉంది. హెక్టారుకి పది టన్నుల దాకా దిగుబడి. వంద హెక్టార్ల వరి పొలంలో తండ్రీ కొడుకులిద్దరే కనిపిస్తారు.

ప్రశ్న: మా అమ్మాయి డాక్టరు. మీ దగ్గరే హే అనే ఊళ్లో ఉద్యోగమట. అక్కడసలు మనుషులుంటారా? – ఒక తల్లి, హనుమకొండ

జవాబు: ఉంటారమ్మా, కాకపోతే దూరదూరంగా. పాత కృష్ణా జిల్లా విస్తీర్ణం 8,727 చదరపు కిలోమీటర్లు, 2011 లెక్కల్లో జనం 45 లక్షలు. హే పరిధి 11 వేల చదరపు కిలోమీటర్లు దాటుతుంది, 2021 జనగణనలో జనం మూడు వేలకి లోపే. గొర్రెల మైదానం అది. ఇల్లు పొలం మధ్యలో ఉంటుంది, పక్కింటికి కారేసుకుని వెళ్లాలి. పిల్లలు పై చదువులకని వెళ్లి తిరిగి రారు. పక్క పొలం కొనుక్కుంటూ ఒక్కో కుటుంబం పెద్దదవుతుంది, ఊరు చిన్నదవుతుంది.

డాక్టర్లు మాత్రం మనవైపు నుంచి వస్తూనే ఉన్నారు. విదేశంలో చదివిన డాక్టరు మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా కింద వైద్యం చేయాలంటే, మామూలుగా పదేళ్ల దాకా డాక్టర్ల కొరత ఉన్న ప్రాంతంలోనే పనిచేయాలని నిబంధన. అందుకే చిన్న ఊళ్ల క్లినిక్కుల్లో మన భాష వినబడుతుంది.

ఒంటరితనం సంగతి దాచను. మొదటి చలికాలం కష్టం. ఎవరో పిలుస్తారని చూడొద్దనండి. 1922 నుంచీ ఉన్న గ్రామీణ మహిళా సంఘం సమావేశానికి తనే వెళ్లి కూర్చోమనండి. వారం తిరిగేసరికి ఇంటికి కేకులొస్తాయి. పప్పులూ చింతపండూ కావాలంటే గ్రిఫిత్‌కి గంటన్నర ప్రయాణం. మసక చీకట్లో మాత్రం కారు తీయొద్దు, కంగారూలు అడ్డం పడతాయి.

ప్రశ్న: కాలువకి నీళ్లు రాని ఏడాది ఏం చేస్తారు? – విద్యార్థి, బాపట్ల

జవాబు: నీటి హక్కుకి భూమితో సంబంధం లేదిక్కడ, దాన్ని విడిగా కొనొచ్చు, అమ్మొచ్చు. తోటలకి గట్టి హక్కు. వరికి సామాన్య హక్కు, అంటే డ్యాములో మిగిలితేనే. కరువులో 2008 పంట ఇరవై వేల టన్నులకి పడిపోయింది. మంచి ఏడాది పది లక్షలు దాటే పంట అది. ముందే, 2007లో, డెనిలిక్విన్ బియ్యం మిల్లు మూతపడింది. కూలి పోయిన కుటుంబం వెళ్తే బడిలో పిల్లలు తగ్గుతారు, పిల్లలు తగ్గితే టీచరు పోస్టు పోతుంది. నదికి నీళ్లు వదలాలని 2010లో ప్రణాళిక ముసాయిదా వచ్చినప్పుడు గ్రిఫిత్‌లో ఆ పుస్తకాలు తగలబెట్టారు. నది ఎండిపోతే తోటలూ ఉండవన్నది నా అభిప్రాయం. ఆఫీసులో మాత్రం అననులెండి.

ప్రశ్న: మావాడు వీసా మీద పండ్లు కోయడానికి వస్తానంటున్నాడు. పంపొచ్చా? – ఒక తండ్రి, కర్నూలు

జవాబు: 18 నుంచి 30 ఏళ్ల భారతీయులకి 2024 నుంచి ఏడాదికి వెయ్యి ‘వర్క్ అండ్ హాలిడే’ వీసాలు లాటరీ పద్ధతిలో ఇస్తున్నారు. పల్లెల్లో మూడు నెలలు ఇలాంటి పని చేస్తే రెండో ఏడాదికి అర్హత. బుట్ట లెక్కన కూలి అన్నా, 2022 ఏప్రిల్ నుంచి గంటకి కనీస వేతనం తగ్గకూడదు. జీతం పడ్డ మరుసటి పనిరోజుకల్లా పే స్లిప్ చేతికివ్వాలి. ఇవ్వని చోట ఉండొద్దని ఇప్పుడే చెప్పి పంపండి.