“ఏ కాలు పెట్టిన వేళో” అంటూ అత్త శోకం పెడుతోంది... అది నన్నేనా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. ఫిబ్రవరిలో పెళ్లయి ఈ ఇంటికొచ్చాను. ఏప్రిల్ చివర్లో మా మరిది రాత్రిపూట బైకు మీద వస్తూ, హైవే పక్కన లైటు లేకుండా ఆగి ఉన్న లారీని గుద్దుకుని చనిపోయాడు. ఇరవై రెండేళ్లు, పెళ్లి కాలేదు. మూడు నెలలవుతున్నా మా అత్త రోజూ దీపాలు పెట్టే వేళకు వసారాలో కూర్చుని రాగం తీసి ఏడుస్తుంది. అందులో “ఏ కాలు పెట్టిన వేళో” అనే మాట వస్తుంది. పెద్దకర్మ రోజు ఆమె ఏడుపును మా ఆడపడుచు ఫోన్లో తీసి చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెడితే, ఎవరో “కొత్త కోడలి కాలు” అని రాశారు. అప్పటినుంచి ఆ మాట వినబడితే కాళ్లూ చేతులూ ఆడటం లేదు. మా ఆయన “ఏడుపులో మాటలు, పట్టించుకోవద్దు” అంటాడు. మిగతా పొద్దంతా అత్త మామూలుగానే ఉంటుంది, నా చేతి అన్నమే తింటుంది. ఈమధ్య బీపీ మాత్రలు వేసుకోవడం మానేసింది, గుర్తుచేస్తే “ఇంకెందుకులే” అంటుంది. ఆషాఢానికి పుట్టింటివాళ్లు పిలుస్తున్నారు. వెళ్తే మళ్లీ రావాలని లేదు. ఆమె పాడే మాటలు రాసి పంపుతున్నాను. అది నన్నే అంటోందా?

సలహా: అమ్మా, మీ ఉత్తరంలో రెండు మాటలు పట్టుకోవాల్సినవి ఉన్నాయి. ఒకటి మిమ్మల్ని కోస్తున్న “ఏ కాలు పెట్టిన వేళో”. రెండోది మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన “ఇంకెందుకులే”. మొదటిది శోకంలో వచ్చింది, రెండోది మామూలు మాటల్లో వచ్చింది. ఈ రెండోదాని గురించే నాకు ఎక్కువ దిగులుగా ఉంది. అయినా ముందు మీరు అడిగినదే చూద్దాం.

శోకం పెట్టేవాళ్లు మాటలన్నీ అప్పటికప్పుడు ఆలోచించి పేర్చరు. మన నెల్లూరు, ఒంగోలు వైపు పల్లెల్లో ఆ వయసు ఆడవాళ్లకు అవి చిన్నప్పటినుంచి చావు ఇళ్లలో విని విని నోటికొచ్చినవి. దానికి ఒక వరస ఉంటుంది. ముందు పోయినవాళ్లని వరసపెట్టి పిలుస్తారు. తర్వాత వాళ్ల అలవాట్లు, మంచితనం చెప్పుకుంటారు. “నన్నిట్టా వదిలి పోతివే” అని వాళ్లతోనే దెబ్బలాడతారు. దేవుణ్ణి, రాతని, దిష్టిని, గాలిని తిడతారు. చివరికి “నేనూ వస్తా” అంటారు. ప్రతి చరణం చివర వచ్చే “నాయనా” దగ్గర ఊపిరి తీసుకోవడానికి, తర్వాతి మాట దొరకడానికి సందు చిక్కుతుంది. గొంతు తన వశంలో లేనప్పుడు ఆ సందులోకి ముందుగా వచ్చేవి పాత మాటలే. అందుకే పెళ్లే జరగని ఇంట్లో, కొత్త మనిషి ఎవరూ అడుగుపెట్టని ఇంట్లో చావు జరిగినా “ఏ కళ్లు పడ్డాయో, ఏ కాలు పెట్టారో” అనే ఏడుస్తారు.

ఇప్పుడు మీరు పంపిన చరణాలు చూద్దాం.

“కోడి కుయ్యకముందే లేచే నా కొడకా, పొద్దెక్కినా లేవవేందిరా నాయనా.” ఇది ఆమె సాయంత్రం పాడుతోంది, మాట మాత్రం పొద్దుటిది. కొడుకు నిద్రపోతున్నట్టే పిలుస్తోంది. మూడో నెలలో తల్లికి ఇలా ఉండటం జబ్బు కాదు.

“నీ చెప్పులు గడపకాడే ఉండాయి, నువ్వే దారిన పోతివిరా నాయనా.” ఆ చెప్పులు నిజంగానే గడప దగ్గర ఉన్నాయా? ఉంటే ఎవరూ తీసి లోపల పెట్టొద్దు. “చూస్తే బాధ” అని అతని బట్టలు, ఫోను, బైకు తాళాలు ఆమెను అడక్కుండా సర్దేయడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. ఏవి ఉంచాలో ఏవి తీయాలో ఆమెనే అడగాలి. ఇప్పుడే చెప్పలేనంటే ఇంకో రెండు నెలలు ఆగొచ్చు.

“మీ అన్న పెళ్లి పందిరాకు ఎండకముందే నీకు పాడె కడితిమి గదరా నాయనా.” మీ పెళ్లి మాట వచ్చింది కాబట్టి ఇది కూడా మీకు గుచ్చుకుని ఉంటుంది. కానీ “కడితిమి” అంటోంది చూడండి, అందులో తనూ ఉంది. పెద్దవాడి పందిట్లో నిలబడిన తల్లి మనసులో చిన్నవాడి పందిరి కూడా వేసుకుని ఉంటుంది. ఆ రెండో పందిరి పోయిందన్న ఏడుపు అది.

“నీ వదిన కంచం పెట్టింది, చెయ్యి కడుక్కోని రారా నాయనా.” మీ గురించి సూటిగా వచ్చిన చరణం ఇదొక్కటే. ఇందులో మీరు ఆమె కొడుక్కి వదిన, అన్నం పెట్టే మనిషి. ఇంటికి అరిష్టం తెచ్చిందని గట్టిగా నమ్మిన కోడల్ని ఆ బిడ్డ పక్కన కంచంతో నిలబెట్టి ఏ తల్లీ ఏడవదు. ఇది మీరు రోజూ వింటూనే ఉన్నారు, కానీ గ్రూపులో వచ్చిన ఆ రాత ముందు ఇది వినబడటం మానేసింది.

“ఏ కాలు పెట్టిన వేళో, ఏ కళ్లు పడిన వేళో, ఏ గాలి సోకెనో, నా దీపం కొండెక్కె నాయనా.” కాలు, కళ్లు, గాలి, మూడూ ఒకే ఊపులో పోతున్నాయి. దేని దగ్గరా ఆగడం లేదు, ఎవరి పేరూ పట్టడం లేదు. ఇది కారణం వెతుక్కునే ఏడుపు. ఇరవై రెండేళ్ల బిడ్డ లైటు లేని లారీ వల్ల పోయాడంటే, అంత చిన్న కారణానికి అంత పెద్ద నష్టం అన్నది తల్లి మనసుకు సరిపోదు. భారతం స్త్రీపర్వంలో గాంధారి కొడుకుల శవాల మధ్య ఏడ్చి ఏడ్చి, చివరికి కృష్ణుణ్ణే దోషిగా నిలబెట్టి శపించింది. ఆ దుఃఖాన్ని తెలుగు చేసిన తిక్కన మన నెల్లూరులో ఉన్నవాడే. ఏడుపు ఎవరినో ఒకరిని వెతుకుతుందన్న సంగతి మనకు కొత్త కాదు.

అలాగని ఆమె మనసులో ఆ ఆలోచన ఎన్నడూ రాలేదని మీకు చెప్పను. “కాలు పెట్టిన వేళ” అన్న నమ్మకం మన ఊళ్లలో ఉంది. పరామర్శకు వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు చెవిలో వేసి కూడా ఉండొచ్చు. దుఃఖంలో ఒక ఆలోచన వచ్చి పోవడం వేరు, దాన్ని తీర్పుగా పట్టుకుని మిమ్మల్ని వేరుగా చూడటం వేరు. అది తేలేది శోకంలో కాదు, మామూలు వేళల్లో. మీ చేతి నీళ్లు తాగకపోవడం, దీపం ముట్టనివ్వకపోవడం, శుభకార్యానికి మిమ్మల్ని ముందు నడవనివ్వకపోవడం, మీ జాతకం ఎవరికైనా చూపించమనడం, ఇరుగుపొరుగు దగ్గర మీ పేరు పెట్టి అనడం. ఇవి ఉంటే ఆ చరణానికి మీరు భయపడిన అర్థమే ఉన్నట్టు. మీరు రాసినదాన్ని బట్టి ఇవేవీ లేవు. ఒకవేళ మొదలైతే ఓర్చుకోవాల్సిన పనిలేదు. మీ ఆయన, ఆమె మాట వినే పెద్దవాళ్లు ఒకరు కూర్చుని ఆపాలి. ఆగకపోతే 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది. మాటలతో మనసు హింసించడం కూడా 2005 గృహహింస చట్టం కిందికి వస్తుంది.

మిమ్మల్ని నిజంగా గాయపరిచింది ఆ వాట్సాప్ రాత. అది రాసింది మీ అత్త కాదు. ముందు ఆ వీడియోని గ్రూపులోంచి తీసేయించండి. గ్రూపులో వాదన పెట్టుకోవద్దు, పెడితే ఇంకో పదిమంది అది చూస్తారు. మీ ఆయన తన చెల్లెలికి ఫోన్ చేసి, “అమ్మ ఏడుపు పదిమంది ఫోన్లలో తిరగడం నాకు ఇష్టం లేదు, గ్రూపులోంచి తీసెయ్” అంటే చాలు. తీసే వీలు పోయి ఉంటే, ఇంకెవరికీ పంపొద్దని ఆమె చేతే గ్రూపులో రాయించాలి.

మీ ఆయన “పట్టించుకోవద్దు” అనడంలో మీ మీద నిర్లక్ష్యం కన్నా అతని దుఃఖమే ఎక్కువ కనిపిస్తోంది. అతనికీ తమ్ముడు పోయాడు, తల్లి ఏడుపులో ఏ మాటకు ఏ అర్థమో విడదీసి చూసే ఓపిక లేదు. అతన్ని అర్థం చెప్పమని అడగొద్దు, ఒక పని అడగండి. పొద్దున పూట, తల్లి తేటగా ఉన్నప్పుడు అతను ఇలా అనాలి: “అమ్మా, తమ్ముడు పోయింది ఆ లారీ వల్ల. దీని కాలు వల్ల అని గ్రూపులో ఎవరో రాశారు, ఇది కుమిలిపోతోంది. అట్టాంటి మాట ఎవరన్నా అంటే నువ్వే నోరు మూయించాలి.” ఇందులో తల్లి మీద నింద లేదు, కోడల్ని కాపాడే పని ఆమె చేతికే వస్తోంది. “నువ్వు అట్టా పాడొద్దు” అంటే మాత్రం వ్యవహారం చెడుతుంది. శోకం ఆపమన్నారని మనసు మూసుకుంటుంది, ఆ మాట మీరే అనిపించారని కూడా అనుకుంటుంది. దీపాల వేళ ఏ చర్చా వద్దు. ఆ వేళకు కుదిరితే పక్కన కూర్చుని మంచినీళ్లు ఇవ్వండి, కుదరకపోతే పెరట్లో పని చూసుకోండి. రోజూ వినాలన్న మొక్కేమీ లేదు.

ఇక ఆఖరి చరణం. “నీ పక్కన ఇంత చోటు ఉంచరా, నేనూ వస్తానుండరా నాయనా.” ఇదీ శోకాల్లో ఎప్పుడూ ఉండే మాటే, ఒక్కదాన్నే చూసి ఎవరూ బెదిరిపోనక్కర్లేదు. కానీ దీని పక్కన మాత్రలు మానేయడం ఉంది, “ఇంకెందుకులే” ఉంది. పాటలో మాట పాట దాటి పగటి మాటల్లోకి, చేతల్లోకి వచ్చిందంటే దాన్ని పాటగా తీసుకోకూడదు. బీపీ మాత్రలు ఉన్నట్టుండి మానేస్తే బీపీ ఎగబాకి పక్షవాతం దాకా పోవచ్చు. బతకాలని లేనివాళ్లు కొందరు ఎవరికీ అనుమానం రాకుండా చేసే పని కూడా అదే.

కాబట్టి ఈ వారంలోనే ఆమెను అడగాలి. ఎవరు అడగాలంటే, ఆమె ఎవరి ఒళ్లో తల పెట్టి ఏడుస్తుందో వాళ్లు. కూతురైనా సరే, అక్కచెల్లెళ్లయినా సరే. పక్కన ఇంకెవరూ లేనప్పుడు, డొంకతిరుగుడు లేకుండా: “అమ్మా, నేనూ వస్తా అంటుంటావు గదా. నిజంగానే చచ్చిపోవాలనిపిస్తందా?” అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందని చాలామంది జంకుతారు. అలా జరగదు. అడిగినందుకు చాలామందికి గుండె బరువు దిగుతుంది. “అవును” అంటే “ఛ, అవేం మాటలు, రేపు మనవళ్లని ఎత్తుకోవా” అని అడ్డుపడొద్దు, ఆమె నోరు అక్కడే మూతపడుతుంది. ఎట్టా అనుకుంటున్నావు, దానికేమన్నా దగ్గర పెట్టుకున్నావా, ఎప్పుడు అనిపిస్తది, ఈ మూడూ నెమ్మదిగా అడగాలి. ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టొద్దు. ఎలా చేయాలో అనుకుని ఉంటే ఆ రోజు నుంచి ఆమెను ఒంటరిగా వదలకూడదు, అదే రోజు నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించాలి. అప్పటికే ఏమైనా తాగినా మింగినా 108.

ఆమె ఏం చెప్పినా ఇంట్లో కొన్ని జాగ్రత్తలు ఈరోజే చేయండి. పైరుకు కొట్టే మందులు, రొయ్యల గుంటల మందులు, ఎలుకల మందు ఇంట్లో ఉంటే పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మీ ఆయన దగ్గర ఉంచండి. ఇంట్లో లేకుండా చేయగలిగితే ఇంకా మంచిది. అందరి మాత్రలూ మీ దగ్గర పెట్టుకుని ఏ పూటకాపూట ఇవ్వండి. రేపే ఏఎన్ఎం దగ్గర బీపీ చూపించండి. మానేసిన మాత్రలు మళ్లీ ఎంత మోతాదుతో మొదలుపెట్టాలో డాక్టరునే అడగాలి. మందుల షాపులో నిద్రమాత్రలు కొనిచ్చి పడుకోబెట్టడం మాత్రం వద్దు.

ఆమె దుఃఖం ఎప్పటికి తగ్గాలన్నదానికి కచ్చితమైన గడువు లేదు. ఆరు నెలలు దాటాక కూడా అదే ఉధృతిలో ఉండి, స్నానం, తిండి, పనులు, మనుషులతో మాటలు బాగా దెబ్బతింటే దాన్ని చికిత్స అవసరమైన దీర్ఘశోకంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ (ఐసీడీ-11) గుర్తిస్తుంది. నెల మాసికాలప్పుడు, వినాయకచవితికి, పెద్దలకు పెట్టుకునే సంక్రాంతికి ఏడుపు మళ్లీ ఎక్కువవుతుంది. అది వెనక్కి పోవడం కాదు. రోజులు గడిచేకొద్దీ చరణాలు మారుతున్నాయా అన్నది కూడా వినండి. “లేవరా” తగ్గి “నువ్వుంటే ఇట్టా చేసేవాడివి గదరా” అన్న మాటలు పెరుగుతుంటే, కొడుకు పోయాడన్న సంగతి మనసుకు ఎక్కుతున్నట్టు. “నేనూ వస్తా” ఒక్కటే పెరుగుతుంటే ఆలస్యం చేయొద్దు.

పుట్టింటికి వెళ్లండి. మూడు నెలలుగా చావింట్లో కొత్త కోడలిగా నెగ్గుకొస్తున్నారు, మీకూ నాలుగు రోజులు నిద్ర కావాలి. కానీ మాత్రలు ఎవరు ఇస్తారు, సాయంత్రం పక్కన ఎవరుంటారు అన్నది మీ ఆయనతో, ఆడపడుచుతో తేల్చుకున్నాకే బయల్దేరండి. వెళ్లేటప్పుడు “ఫలానా రోజు వస్తాను అత్తా” అని ఆమెకే చెప్పండి. మళ్లీ రావాలా వద్దా అన్నది అక్కడ కూర్చుని ఇప్పుడే తేల్చుకోవద్దు, ఆ గ్రూపు గొడవ, బీపీ సంగతి రెండూ తేలాక ఆలోచించండి.

మనసు బాధలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీ మానస్. దాని నంబరు 14416, డబ్బులు పడవు, రాత్రి పగలు ఎప్పుడైనా తెలుగులో మాట్లాడతారు. అత్త మాట్లాడనంటే ఆమె గురించి మీరే చేసి అడగొచ్చు. మీకు నిద్రపట్టని రాత్రి, మీ కోసమైనా చేయొచ్చు.