అమ్మ గురించి నాలుగు మాటలు రాయలేకపోతున్నాను

ప్రశ్న: మాది నరసాపురం దగ్గర పల్లె. అమ్మ పోయి పది నెలలైంది. లేసు అల్లుతూ ముగ్గురు పిల్లల్ని చదివించింది, అయిదుగురు మనవల్ని పెంచింది. సంవత్సరీకానికి ఊరందరికీ భోజనాలు పెట్టి, అమ్మ మీద చిన్న పుస్తకం పంచాలని అన్నయ్య కోరిక. రాసే పని నాది. కూర్చుంటే ‘త్యాగమూర్తి’ అన్న మాట దాటి కలం కదలడం లేదు. అమ్మ గొంతు కూడా మర్చిపోతున్నానేమోనని భయం. నాన్నగారు నోరు విప్పరు. చీరల దగ్గర వదినకీ చెల్లికీ మాటా మాటా వచ్చింది. ఎనిమిదేళ్ళ మా పాప ‘అమ్మమ్మ నిద్ర ఎప్పుడు లేస్తుంది’ అంటుంది. ఆఖరి రోజుల్లో నేను హైదరాబాద్ నుంచి టైముకి రాలేకపోయాను. సగం అల్లిన లేసు ముక్క సూదితో సహా బుట్టలో అలాగే ఉంది, ముట్టుకోవడానికి చెయ్యి రావడం లేదు.

జవాబు: పుస్తకం సంగతి తర్వాత చూద్దామమ్మా, ముందు గొంతు కాపాడుకోండి. అది చెయ్యి జారితే మళ్ళీ దొరకదు. అమ్మగారి ఫోన్ ఎవరి దగ్గరుంటే వాళ్ళని రీసెట్ చేయొద్దని ఇవాళే చెప్పండి. 120 రోజులు వాడకపోతే వాట్సాప్ ఖాతా పోతుంది కాబట్టి ఆమె ఖాతా ఇప్పటికే పోయి ఉండొచ్చు. కానీ ఆమె మీకు పంపిన వాయిస్ మెసేజ్‌లు మీ ఫోన్లో, అన్నయ్య ఫోన్లో, చెల్లి ఫోన్లో ఉంటాయి. ఫోన్ మార్చినప్పుడు పోయేవి ఇవే. ఆ చాట్ తెరిచి ‘ఎక్స్‌పోర్ట్ చాట్’ నొక్కి, మీడియాతో సహా మెయిల్‌కి పంపుకోండి. ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో, ఇంకొకటి అన్నయ్య కంప్యూటర్లో వేయించండి. పెళ్ళి వీడియోల్లో ఎక్కడైనా ఆమె మాట వినిపిస్తే అదీ తీసి పెట్టుకోండి. ‘అన్నం తిన్నావా, ఫోన్ ఎత్తవేం’ అన్న ఆరు సెకన్ల కోపం కూడా వదలొద్దు. రోజూ రాత్రి ఒంటరిగా వినకండి. చెల్లి పక్కనున్నప్పుడు వినండి. గొంతు మసకబారడం మనసుకి సహజం, అందులో మీ ప్రేమ తగ్గిందేమీ లేదు.

ఇక పుస్తకం. ‘త్యాగమూర్తి’ దగ్గర కలం ఎందుకు ఆగుతుందంటే, ఆ మాట ఏ ఇంటి అమ్మకైనా సరిపోతుంది. ఆ మాటలో మీ అమ్మ లేరు. పైగా ఆమెకేం ఇష్టమో, ఎవరి మీద అలిగారో, ఏం కొనుక్కోవాలని ఉండేదో అన్నీ దానికింద మాసిపోతాయి. పుట్టింది మొదలు వరసగా రాయబోకండి. ఒక్క రోజు ఎంచుకోండి. మీరు పదో తరగతిలో ఉన్నప్పటి మామూలు మంగళవారం ఏదైనా సరే. ఎన్నింటికి లేచేవారు, ముందు ముట్టుకునేది చీపురా, పొయ్యా? అరుగు మీద లేసు పట్టుకుని ఏ వెలుతురు వైపు తిరిగి కూర్చునేవారు? ఏజెంట్ దారం ఉండ ఇచ్చి ముక్కకి ఎంత ఇచ్చేవాడు, లెక్క తప్పితే ఆమె ఏమనేవారు? కళ్ళజోడు ఎప్పుడొచ్చింది? కూలి తక్కువన్న సంగతీ, కళ్ళు దెబ్బతిన్న సంగతీ దాచకండి. వాటిని దాచి త్యాగమని పొగిడితే ఆమె పడిన శ్రమకే అన్యాయం. పన్నెండు చిన్న పేజీలు, పేజీకి నూటయాభై మాటలు చాలు. మీరు సగమే రాయండి. మిగతా సగం ఆమెతో పాటు అరుగు మీద లేసు అల్లిన పక్కింటావిడ, వదిన, ఎదిగిన మనవలు చెప్పింది చెప్పినట్టుగా వాళ్ళ మాటల్లోనే ఉంచండి. మీ పిల్లలకి అమ్మమ్మ, అన్నయ్య పిల్లలకి మామ్మ. ఒకే మనిషి ఇద్దరికీ వేరువేరుగా కనబడి ఉంటారు, అది కలపాలని చూడకండి.

తేదీలు గుర్తుకు రాకపోతే గోదారిని అడగండి. నాన్నగారితో ‘ఏ సంవత్సరం?’ అంటే తెలియదంటారు. ‘86 వరదకి ముందా, తర్వాతా?’ అనండి. ‘96 నవంబర్ తుఫాన్‌కి కొబ్బరిచెట్లు పడిపోయినప్పుడు ఈ ఇల్లు ఉందా?’ అనండి. ‘2003 పుష్కరాలకి అమ్మ ఏ రేవులో మునిగింది?’ అనండి. డెల్టాలో పెద్దవాళ్ళకి ఇవే క్యాలెండర్లు.

నాన్నగారిని ఎదురుగా కూర్చోబెట్టి ‘అమ్మ గురించి చెప్పండి’ అంటే నోరు మరీ మూతపడుతుంది. చేతిలో ఒక వస్తువు పెట్టండి. ఆమె గిద్ద, దారం బుట్ట, పాత ఫొటో ఏదైనా. మధ్యాహ్నం కాఫీ వేళ ఇరవై నిమిషాలు, అంతకు మించి వద్దు. కన్నీళ్ళొస్తే ఆపకండి, మాట మార్చకండి. బీపీ మాత్రలు మానేయడం, నెలలో చొక్కా వదులయ్యేంతగా చిక్కిపోవడం, ‘ఇంకా నేనెందుకు’ అనడం కనబడితే మాత్రం అది మామూలు దుఃఖమని ఊరుకోవద్దు, డాక్టర్‌కి చూపించండి. మనసు బాగోనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన టెలీమానస్ 14416కి ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

పాపకి ‘అమ్మమ్మ చనిపోయింది’ అని అదే మాటతో చెప్పండి. నిద్రపోయిందని చెప్పినందుకే లేస్తుందని ఎదురుచూస్తోంది. కొందరు పిల్లలు ఆ మాటకి తామూ నిద్రపోవాలంటే భయపడతారు. ‘ఒంట్లో అన్నీ పనిచేయడం ఆగిపోయాయి, తిరిగి రాదు, నీ తప్పేం లేదు, నేను నీ దగ్గరే ఉన్నాను’ అనండి. మళ్ళీ మళ్ళీ అడుగుతుంది. అడిగిన ప్రతిసారీ అదే జవాబు ఇవ్వండి.

చీరల గొడవకి కారణం చీర కాదు. అమ్మ ఎవరికి ఎక్కువన్న ప్రశ్న. అన్నీ మంచం మీద పరిచి, చెల్లి, వదిన, మీరు వంతులవారీగా ఒక్కొక్కటి తీసుకోండి. మొదటి వంతు చీటీ తీసి తేల్చండి. తీసుకున్నవాళ్ళు ఆ చీర ఎప్పటిదో ఒక మాట చెప్పాలి. పట్టుచీరలు పాత నూలుగుడ్డలో చుట్టి, మూడు నెలలకోసారి మడత మార్చండి. ఒకే మడత మీద ఏళ్ళు ఉంటే జరీ దగ్గర చీలుతుంది. కలరా ఉండలు జరీకి తగలనీయొద్దు. రోజూ కట్టిన బండార్లంక నేత చీరలు పాతబడినా పంచుకోవడం మానొద్దు. అయిదున్నర మీటర్ల చీర మూడు మడతలేస్తే ఆరడుగుల బొంతకి మూడు పొరలు. రెండు చీరలతో ఒక మనవడికి బొంత అవుతుంది. గంజి పోయేదాకా ఉతికి, ఆరాక పొడవాటి టాకాలతో పొరలు కలిపి, తర్వాత సన్నకుట్టు వేయించండి. గంజి ఉంటే సూది దిగదు, పురుగూ పడుతుంది.

ఆవకాయ కొలతలు పుస్తకంలో వేయాలనుకుంటే ‘పిడికెడు’ అని రాయొద్దు, ఎవరి పిడికెడు? ఆమె గిద్దతోనే ఆవపిండి, కారం, ఉప్పు తల కొట్టి కొలిచి, కొట్టు త్రాసు మీద తూచి గ్రాములు రాయండి. గోపురంగా పోసే అలవాటుంటే అలా కూడా తూచండి. రుచి తేడా వచ్చేది ఇక్కడే.

తేమకి ఫ్రేము అద్దానికి అంటుకున్న ఫొటోని లాగకండి, రంగు అద్దానికే ఉండిపోతుంది. నీడలో, ఫ్లాష్ లేకుండా అద్దం మీంచే ఫొటో తీయండి లేదా స్కాన్ చేయించండి. లామినేషన్ వద్దు. పేర్లు వెనకాల పెన్సిల్‌తో మెల్లగా రాయాలి, పెన్ను సిరా ముందుకి ఊరుతుంది.

మీరు రాలేకపోయిన సంగతి. ఒక కాగితం మీద రెండు వరసలు గీయండి. ఒకవైపు ఆ రోజు మీకు నిజంగా తెలిసినది, రెండోవైపు తర్వాత తెలిసినది. ‘ఇవాళ తగ్గింది’ అని ఫోన్లో విన్నది మొదటి వరసలోకి వస్తుంది. మిమ్మల్ని పొడుస్తున్నవి చాలావరకు రెండో వరసవే అయి ఉంటాయి. నిజంగా తప్పున్నదేమైనా మొదటి వరసలో మిగిలితే అమ్మకి ఉత్తరం రాసి మీ దగ్గర ఉంచుకోండి. పుస్తకంలో క్షమాపణ పెట్టకండి, చదివేవాళ్ళు మిమ్మల్ని ఓదార్చడంలో పడి అమ్మని మర్చిపోతారు.

అన్నయ్య భోజనాలు పెట్టనివ్వండి. దుఃఖం ఆయనకి అన్నం రూపంలో వస్తోంది. తిథి మాత్రం పురోహితుణ్ణి ఇప్పుడే అడగండి, అది ఇంగ్లీషు తేదీకి రోజులు అటూ ఇటూ అవుతుంది, అచ్చుకి టైము చాలదు.

ఇక ఆ లేసు ముక్క. సూది స్టీలుది, గోదారి గాలికి తుప్పు పట్టి తెల్లదారం మీద మచ్చ పడుతుంది. ఊరికే లాగితే ఆఖరి కన్ను జారి వరసలు ఊడిపోతాయి. ఆ కన్నులోంచి ఎర్రదారం ముక్క దూర్చి వదులుగా ముడేసి, అప్పుడు సూది తీయండి. పిన్నీసు పెట్టకండి, అదీ తుప్పు పడుతుంది. ముక్కని పూర్తి చేయించొద్దనే నా అభిప్రాయం, ఆమె చెయ్యి ఎక్కడ ఆగిందో అక్కడే ఉండాలి. సూదికి కొంచెం కొబ్బరినూనె రాసి తుడిచి, పాప చేతికివ్వండి. కొత్త దారంతో మొదటి గొలుసు వరస పక్కింటావిడ నేర్పుతుంది.